థింక్ అలౌడ్ పద్ధతి

థింక్ అలౌడ్ పద్ధతి అనగా విద్యార్థి ఒక పాఠ్యభాగాన్ని చదువుతూ, ఆ సమయంలో తన మనసులో మెదిలే ఆలోచనలను ఎప్పటికప్పుడు పైకి చెప్పే పద్ధతి. ఉపాధ్యాయుడు ఆ మాటలను విని నమోదు చేసుకుంటాడు. విద్యార్థికి ఎంత అర్థమైనది, ఎక్కడ అర్థం చెడినది, చెడినప్పుడు అతడు ఏమి చేశాడు అనే మూడు విషయాలను వాటిని బట్టి అంచనా వేస్తాడు. తెలుగులో దీనిని "పైకి చెప్పే ఆలోచన" అనవచ్చును. మనస్తత్వశాస్త్రంలో పుట్టిన ఈ పద్ధతి 1980వ దశకం నుండి పఠన బోధనలోను, పఠనావగాహన మూల్యాంకనంలోను వాడుకలోకి వచ్చినది.

మామూలు పరీక్ష చదవడం ముగిసిన తరువాత వచ్చిన ఫలితాన్ని మాత్రమే కొలుస్తుంది. ఈ పద్ధతి చదువుతున్నప్పుడు జరిగే పనిని చూపిస్తుంది. రెండింటికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

## ఆవశ్యకత

తెలుగు లిపిలో అక్షరానికి, ఉచ్చారణకు దగ్గర సంబంధం ఉన్నది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడిన పిల్లవాడు తనకు ఏ మాత్రం తెలియని పదాన్ని కూడా తప్పు లేకుండా పలుకగలడు. ఇది లిపికి ఉన్న గొప్ప సౌకర్యమే గాని, మూల్యాంకనం దగ్గర ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. పిల్లవాడు గడగడా చదివితే అర్థమైనదనీ, తడబడుతూ చదివితే అర్థం కాలేదనీ తల్లిదండ్రులు, తరచుగా ఉపాధ్యాయులు కూడా, భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ పొరపాటు కావచ్చును.

రాతపరీక్షలో మరొక చిక్కు ఉన్నది. ప్రశ్నలోని మాటను గద్యభాగంలో వెదికి, ఆ వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాస్తే అపరిచిత గద్యానికి మార్కులు వస్తాయి. పద్యభాగంలో ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం అనే మూడు మెట్లు ఉండడం మన సంప్రదాయ బోధనలోని మంచి లక్షణం. అయితే గైడులోని తాత్పర్యాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి మొదటి రెండు మెట్లూ ఎక్కకుండానే మూడవదానిపై నిలుచున్నట్లు కనబడతాడు. పైకి చెప్పే ఆలోచనలో అన్వయం చేసుకునే పని వినబడుతుంది కనుక ఈ భ్రమకు అవకాశం తక్కువ.

## చరిత్ర

చదవడం కేవలం అక్షరాలను పలకడం కాదనీ, అది ఒక రకమైన తర్కమనీ అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1917లో ఒక వ్యాసంలో వాదించాడు. పిల్లలు చిన్న చిన్న పేరాలను చదివి రాసిన తప్పు జవాబులను ఆయన పరిశీలించాడు. 1920లో జాన్ బి. వాట్సన్ సమస్యను సాధిస్తున్న వ్యక్తిని పైకి ఆలోచించమని అడిగే పద్ధతిని చర్చించాడు. జర్మనీకి చెందిన కార్ల్ డుంకర్ 1935లో సమస్యా సాధనపై వెలువరించిన గ్రంథంలో ఇటువంటి మాటలనే ఆధారంగా తీసుకున్నాడు.

ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసినవారు ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్. సైమన్ 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. వీరిద్దరూ 1980లో ఒక వ్యాసాన్ని, 1984లో ఒక గ్రంథాన్ని ప్రచురించారు. పని చేస్తున్నప్పుడే చెప్పే మాటలు నమ్మదగినవనీ, చాలాసేపు గడిచాక "ఎందుకు అలా చేశావు" అని అడిగితే వచ్చే సంజాయిషీలు అంత నమ్మదగినవి కావనీ వీరు వివరించారు. అంతకు ముందు 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే పరిశోధకులు మనుషులకు తమ మానసిక ప్రక్రియల కారణాలు చాలావరకు తెలియవని వాదించి ఉన్నారు. ఎరిక్సన్, సైమన్‌ల కృషి ఆ విమర్శకు కూడా సమాధానం.

పఠన బోధన రంగంలో డొలొరెస్ డర్కిన్ 1978-79లో ప్రచురించిన పరిశీలన చర్చకు దారి తీసినది. తరగతి గదుల్లో ఉపాధ్యాయులు అవగాహనను ప్రశ్నలతో పరీక్షిస్తున్నారే గాని, ఎలా అర్థం చేసుకోవాలో దాదాపుగా బోధించడం లేదని ఆమె గమనించింది. 1983లో బెత్ డేవీ, ఉపాధ్యాయుడే ముందుగా పైకి ఆలోచిస్తూ చదివి చూపించాలని ప్రతిపాదించింది. జరగబోయేది ఊహించడం, మనసులో దృశ్యాన్ని కట్టుకోవడం, తెలిసిన విషయంతో పోల్చుకోవడం, అర్థం కాని చోటును గుర్తించడం, దానిని సరిదిద్దుకోవడం అనే అయిదు పనులను ఆమె పేర్కొన్నది. 1995లో మైకేల్ ప్రెస్లీ, పీటర్ ఆఫ్లర్‌బాక్ అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, నేర్పరులైన పాఠకులు చదువుతూ చేసే పనులను ఒక గ్రంథంగా క్రోడీకరించారు.

## నిర్వహణ విధానం

ఈ పద్ధతికి ప్రత్యేకమైన సామగ్రి అవసరం లేదు. సాధారణంగా కింది క్రమాన్ని పాటిస్తారు.

1. పాఠ్యభాగం ఎంపిక: విద్యార్థి ఇంతకు ముందు చదవనిదై, ఆరు నుండి పది వాక్యాలు ఉండాలి. మరీ సులభమైతే చెప్పడానికి ఏమీ ఉండదు. మరీ కఠినమైతే పలకడానికే శ్రమ అంతా సరిపోతుంది.
2. ఆపు గుర్తులు: వాక్యం చివర గాని, రెండు వాక్యాలకొకసారి గాని ఒక చుక్క పెట్టాలి. చుక్క వచ్చినప్పుడు విద్యార్థి ఆగి, తనకు తోచినది చెప్పాలి.
3. చేసి చూపడం: ఉపాధ్యాయుడు వేరొక పాఠ్యభాగంతో తానే ముందు చేసి చూపాలి. "ఈ మాట నాకు తెలియలేదు, ముందుకు వెళ్ళి చూస్తాను" అని ఉపాధ్యాయుడు అనడం వింటే, తెలియదని చెప్పడం తప్పు కాదని పిల్లలకు ధైర్యం వస్తుంది.
4. అభ్యాసం: విద్యార్థికి ఒకటి రెండు వాక్యాలతో అలవాటు చేయించాలి.
5. ప్రోత్సాహం: విద్యార్థి మౌనంగా ఉంటే "ఇప్పుడు ఏమనుకుంటున్నావు?" అని మాత్రమే అడగాలి. "పొలం గురించే కదా?" వంటి ప్రశ్న జవాబును అందించినట్లే అవుతుంది.
6. నమోదు: విద్యార్థి మాటలను అతని యాసలోనే, దిద్దకుండా రాసుకోవాలి. ధ్వనిముద్రణ చేయదలిస్తే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.
7. పునఃకథనం: చివర పాఠ్యభాగాన్ని మూసివేసి, మొత్తం విషయాన్ని సొంత మాటల్లో చెప్పమనాలి.

## ఒక ఉదాహరణ

కింది పాఠ్యభాగము, విద్యార్థుల మాటలు పద్ధతిని వివరించడానికి కల్పించినవి. ఏడవ తరగతి స్థాయికి ఉద్దేశించినవి.

(1) తండ్రి పోయిన తరువాత అన్నదమ్ములిద్దరూ పొలాన్ని పంచుకున్నారు. (2) చిన్నవాడి పాలు చెరువు కింద వచ్చింది. (3) పెద్దవాడికి గట్టు మీది మెట్ట దక్కింది. (4) ఆ యేడు ఆరుద్ర కార్తె దాటినా చినుకు పడలేదు. (5) పెద్దవాడు ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. (6) కోతల నాటికి అతడు తమ్ముడి గడప తొక్కాడు.

మొదటి విద్యార్థి తడబాటు లేకుండా, వేగంగా చదివాడు. ఆపు గుర్తుల దగ్గర అతడు చెప్పినవి: "చిన్నోని పాలు చెరువు కింద వచ్చినయి." "పెద్దోనికి గట్టు వచ్చింది." "వాన పడలేదు." "ఆకాశం చూస్తున్నడు." "తమ్ముని గడప తొక్కిండు."

రెండవ విద్యార్థిని నెమ్మదిగా, రెండు చోట్ల తడబడుతూ చదివింది. రెండవ వాక్యం దగ్గర: "పాలు అంటే తాగే పాలా? పొలం గదా పంచుకున్నది. 'వచ్చింది' అని ఉన్నది, 'వచ్చినయి' అని లేదు. చిన్నోనికి వచ్చిన భాగం కావొచ్చు." నాలుగవ వాక్యం దగ్గర: "ఆరుద్ర కార్తె ఏందో నాకు తెల్వదు. చినుకు పడలేదంటున్నరు కాబట్టి వానలు పడాల్సిన టైం కావొచ్చు." చివరి వాక్యం దగ్గర: "తొక్కిండంటే ఇంటికి పోయిండు. ఆయనకు పంట పండలేదు గదా, వడ్లు అడగనీకి పోయుంటడు."

మూడవ విద్యార్థి కూడా బాగానే చదివాడు. రెండవ వాక్యం దగ్గర: "చెరువు కింద పొలమంటే నీళ్ళకు రంది ఉండది. మా తాతోళ్ళ ఊర్ల గట్లనే." చివర: "తమ్మునితోని కొట్లాడనీకి పోయిండు. పొలాలు పంచుకుంటే కొట్లాటలైతయి."

### విశ్లేషణ

మొదటి విద్యార్థి ప్రతి వాక్యాన్నీ తిరిగి చెప్పాడు గాని, ఒక వాక్యాన్ని మరొక వాక్యంతో కలపలేదు. అతడు "వచ్చింది" అనే క్రియను తనకు తెలియకుండానే "వచ్చినయి" అని మార్చిన సంగతి ముఖ్యమైనది. తెలుగులో తాగే పాలు నిత్య బహువచనం. దానికి "వచ్చాయి" అనే క్రియ రావాలి. వాటా అనే అర్థంలో పాలు ఏకవచనం. విద్యార్థి తప్పు అర్థాన్ని ఎంచుకుని, దానికి సరిపోయేటట్లు క్రియను మార్చుకున్నాడు. అర్థం కుదరలేదని అతనికి అనిపించనే లేదు.

రెండవ విద్యార్థినికి పదాలు తక్కువ తెలుసు. కాని తెలియలేదని ఆమెకు తెలుసు. క్రియను బట్టి, ముందు వాక్యాన్ని బట్టి అర్థాన్ని సరిచేసుకున్నది. మెట్టపొలానికి వానే ఆధారమనీ, వాన లేనందున పంట పోయినదనీ, అందుకే అన్న తమ్ముడి ఇంటికి వెళ్ళాడనీ పాఠ్యభాగంలో ఎక్కడా రాసి లేదు. ఆ గొలుసును ఆమె తానుగా కూర్చుకున్నది.

మూడవ విద్యార్థికి పూర్వజ్ఞానం పుష్కలంగా ఉన్నది. రెండవ వాక్యం దగ్గర అది అతనికి మేలు చేసినది. చివరి వాక్యం దగ్గర కీడు చేసినది. లోకంలో జరిగే సంగతిని పాఠంలో జరిగినట్లుగా చదువుకున్నాడు. పాఠ్యభాగంలో కలహానికి ఆధారం లేదు.

ఇప్పుడు ఇదే గద్యభాగానికి "పెద్దవాడికి దక్కినదేమిటి?" అనే ప్రశ్న ఇస్తే ముగ్గురూ "గట్టు మీది మెట్ట" అని రాసి పూర్తి మార్కులు పొందగలరు. మెట్ట అంటే ఏమిటో తెలియనివాడు కూడా అంతే రాస్తాడు. నిమిషానికి ఎన్ని పదాలు చదివారని లెక్కిస్తే రెండవ విద్యార్థిని అందరికంటే వెనుక ఉంటుంది, వెనుకబడినవారి జాబితాలో చేరుతుంది. నిజానికి వెంటనే సహాయం కావలసినవాడు మొదటి విద్యార్థి. వేగంగా చదువుతున్నందువల్ల అతనిని ఎవరూ పట్టించుకోరు.

ముగ్గురికీ చేయవలసినది కూడా వేరు వేరు. మొదటివానికి ప్రతి రెండు వాక్యాలకూ ఆగి "ఇది ముందుదానితో కుదిరిందా?" అని తనను తాను అడుగుకోవడం నేర్పాలి. రెండవ విద్యార్థినికి పదసంపద, ధారాళంగా చదివే అభ్యాసం కావాలి. మూడవవానిని "ఈ సంగతి ఏ వాక్యంలో ఉన్నది? చూపించు" అని అడగడం అలవాటు చేయాలి.

## మార్కుల కేటాయింపు

మార్కులు ఇవ్వదలచిన ఉపాధ్యాయులు కింది అయిదు అంశాలకు ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు, మొత్తం 15 మార్కులు కేటాయించవచ్చును.

* సొంత మాటల్లో సారాంశం చెప్పడం
* రాయని విషయాన్ని ఊహించి, దానికి ఆధారం చూపడం
* అర్థం కానిచోటును తానుగా గుర్తించడం
* వెనుకకు వెళ్ళి చదవడం, సందర్భాన్ని బట్టి సరిదిద్దుకోవడం
* పూర్వజ్ఞానాన్ని పాఠానికి లోబడి వాడుకోవడం

యాసకు, తడబాటుకు, వ్యాకరణ దోషాలకు మార్కులు తగ్గించరాదు. ఇక్కడ కొలిచేది అవగాహనను, వాక్చాతుర్యాన్ని కాదు. "నాకు తెల్వదు" అనే మాటకు కూడా విలువ ఉన్నది. మూడవ అంశంలో అది మార్కు తెచ్చే మాట.

## దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతానికి అన్వయం

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, విద్యార్థి హాస్టళ్ళకు పేరు పొందినది. విజయవాడ వైపు నుండి, నాగార్జునసాగర్ వైపు నుండి వచ్చేవారికి ఎల్.బి.నగర్ నగర ముఖద్వారం. ఎల్.బి.నగర్ 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమయ్యే వరకు ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండేది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమైనది. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. ఈ కారణాల వల్ల ఈ ప్రాంతపు తరగతి గదిలో ఈ పద్ధతిని వాడేవారు కొన్ని ప్రత్యేక విషయాలను గమనించవలసి ఉంటుంది.

మొదటిది యాస. పాఠ్యపుస్తకంలో "దారి" అని ఉంటే ఇంట్లో "తొవ్వ" అనీ, "గొడవ" అని ఉంటే "లొల్లి" అనీ వినే పిల్లలు ఉంటారు. పుస్తకంలోని మాటను ఇంటి మాటలోకి మార్చి చెప్పిన పిల్లవాడు అర్థం చేసుకున్నాడనడానికి అదే మంచి గుర్తు.

రెండవది మాతృభాష. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, హిందీ మాట్లాడే పిల్లలు తెలుగు పాఠాన్ని చదివి తమ ఆలోచనను తమ భాషలో చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఉపాధ్యాయునికి ఆ భాష రాకపోతే, అది తెలిసిన మరొక విద్యార్థి సహాయం తీసుకోవచ్చును.

మూడవది మాధ్యమం. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుండి 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీలో ఆంగ్లం, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను ముద్రించారు. ఆంగ్ల పాఠాన్ని చదివిన విద్యార్థి ఆంగ్లంలోనే ఆలోచనను చెప్పాలని పట్టుబడితే అవగాహన కాక సంభాషణా సామర్థ్యం కొలిచినట్లవుతుంది. తెలుగులో చెప్పనిస్తే, లోపం భాషలో ఉన్నదా, విషయంలో ఉన్నదా అన్నది తేలుతుంది. ఆంగ్ల పేజీ దగ్గర ఆగిపోయిన విద్యార్థి అదే విషయాన్ని తెలుగు పేజీ చదివి సులభంగా వివరిస్తే, లోపం విషయంలో లేదని తెలుస్తుంది.

నాలుగవది పోటీ పరీక్షలు. కోచింగ్ విద్యార్థులు గద్యభాగానికి ముందే ప్రశ్నలను చదివి, జవాబు ఉన్న చోటును వెదకడం నేర్చుకుంటారు. పరీక్షా మందిరంలో ఇది ఉపయోగపడే ఉపాయమే. అయితే గద్యభాగపు మొత్తం ఉద్దేశాన్ని అడిగే ప్రశ్నల దగ్గర ఇది పనిచేయదు. నాలుగు ఐచ్ఛికాల్లో ఒక్కొక్కదానిని ఎందుకు తోసిపుచ్చాడో విద్యార్థి చేత పైకి చెప్పించితే, సరైన జవాబు అవగాహన వల్ల వచ్చినదా, ఊహించి గుర్తు పెట్టడం వల్ల వచ్చినదా తెలిసిపోతుంది.

అయిదవది నగర జీవనం. పై ఉదాహరణలోని కార్తె, మెట్ట, చెరువు కింద పొలం వంటి మాటలు పల్లె నుండి వచ్చిన పిల్లలకు తెలిసినంతగా నగరంలో పెరిగిన పిల్లలకు తెలియవు. పూర్వజ్ఞానం లేకపోవడాన్ని చదివే నైపుణ్యం లేకపోవడంగా లెక్కించరాదు. అందువల్ల ఒక విద్యార్థికి కనీసం రెండు పాఠ్యభాగాలు, ఒకటి పల్లె విషయం, మరొకటి నగర విషయం, ఇవ్వడం మంచిది.

## ఇతర మూల్యాంకనాలతో పోలిక

ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005 నుండి వెలువడుతున్న అసర్ నివేదిక కోసం పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి కథ చదివిస్తారు. ఇది ప్రధానంగా గ్రామీణ ప్రాంతాల సర్వే; నగరంలోని దిల్‌సుఖ్‌నగర్ వంటి ప్రాంతాలు దీని పరిధిలోకి రావు. 2022 మార్చిలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి నిర్వహించిన పునాది అభ్యసన అధ్యయనంలో మూడవ తరగతి పిల్లలను తెలుగుతో సహా 20 భాషల్లో ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించారు. అదే సంవత్సరం ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ప్రాథమిక తరగతుల కోసం "తొలిమెట్టు" కార్యక్రమాన్ని ప్రారంభించినది.

ఈ సర్వేలు ఒక రాష్ట్రంలో ఎంతమంది చదవగలరో చెబుతాయి. ఒక పిల్లవాడు ఎందుకు చదవలేకపోతున్నాడో చెప్పడం వాటి ఉద్దేశం కాదు. థింక్ అలౌడ్ ఆ రెండవ పనికి ఉపయోగపడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం నిర్దేశించిన నిరంతర సమగ్ర మూల్యాంకనానికి, తెలుగు వాచకాల్లోని "అవగాహన - ప్రతిస్పందన" అనే విద్యాప్రమాణానికి ఇది అనుగుణమైనది.

## సమయం

ఒక విద్యార్థికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. 40 మంది ఉన్న తరగతికి 400 నిమిషాలు, అనగా 40 నిమిషాల పీరియడ్లు పది కావాలి. ఇది ఒకేసారి సాధ్యం కాదు. రోజుకు ఇద్దరి చొప్పున చూస్తే 20 పనిదినాల్లో తరగతి మొత్తం పూర్తవుతుంది. విద్యార్థులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరు చదివి చెబుతుండగా మరొకరు నమోదు చేసే ఏర్పాటు కూడా ఉన్నది. పైతరగతుల వారు ఆలోచనలను పుస్తకపు అంచుల్లో పెన్సిలుతో రాసుకోవచ్చును.

## పరిమితులు

* ఆలోచన అంతా మాటల్లోకి రాదు. అలవాటుగా జరిగిపోయే పనులను పాఠకుడు గమనించడు కనుక చెప్పలేడు.
* పైకి చెప్పడం వల్ల చదివే తీరు మారవచ్చును. కొందరు మామూలుకంటే జాగ్రత్తగా చదువుతారు. కొందరికి ధ్యాస చెదురుతుంది.
* బిడియం గల పిల్లలు, మాట్లాడడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు తక్కువ చెబుతారు. వారికి బొమ్మ గీయడం, వేలితో చూపడం వంటి మార్గాలు ఇవ్వాలి. తక్కువ మాట్లాడినంత మాత్రాన తక్కువ అర్థమైనదని నిర్ణయించరాదు.
* ఉపాధ్యాయుని ముఖకవళికలను బట్టి పిల్లలు జవాబు మార్చుకుంటారు.
* ఒకే మాటకు ఇద్దరు ఉపాధ్యాయులు వేరు వేరు మార్కులు ఇచ్చే అవకాశం ఉన్నది. కొన్ని నమూనాలను ఇద్దరూ కలిసి దిద్ది ఒక అంగీకారానికి రావడం అవసరం.

ఈ కారణాల వల్ల దీనిని రాతపరీక్షకు ప్రత్యామ్నాయంగా కాక, దానికి తోడుగా వాడాలి. ఉత్తీర్ణతను నిర్ణయించడానికి గాని, పిల్లలకు ర్యాంకులు ఇవ్వడానికి గాని ఇది తగినది కాదు. ర్యాంకు వస్తుందని తెలిస్తే పిల్లలు తమకు తెలియనిదాన్ని దాచుకుంటారు. తెలియనిది బయటపడడమే ఈ పద్ధతికి ఆధారం కనుక, అప్పుడు దీని ప్రయోజనమే నెరవేరదు.

## ఇవి కూడా చూడండి

* పఠనం
* నిరంతర సమగ్ర మూల్యాంకనం
* తెలుగు లిపి
* దిల్‌సుఖ్‌నగర్
* ఎల్.బి.నగర్